ఎవరూ తీయని నటి

మా అబ్బాకి రష్యన్ వచ్చని విజయవాడలో చాలామంది అనుకునేవాళ్లు. వచ్చని ఆయన ఎన్నడూ చెప్పలేదు, రాదనీ చెప్పలేదు. సినిమా క్లబ్బుల్లోనూ సాహిత్య సభల్లోనూ లేచి నిలబడి, ఓర్లోవా అనీ లాదినినా అనీ పాత సోవియట్ నటీమణుల పేర్లు నోరారా పలుకుతుంటే, వినేవాళ్లు తమంతట తామే అలా అనుకునేవాళ్లు. ఇంట్లో రష్యన్ వచ్చింది అమ్మీకి. ఆ సంగతి బయటివాళ్లకి తెలియాల్సిన అవసరం రెండేళ్ల కిందటి వేసవి దాకా రాలేదు.

అబ్బా పేరు సిరాజ్. వన్ టౌన్‌లో వాల్‌పోస్టర్లు వేసే ప్రెస్సు నడిపి, ఫ్లెక్సీలు వచ్చాక మూసేశారు. కుర్రతనంలో సోవియట్ స్నేహసంఘం వాళ్లు తెర కట్టి చూపించిన పాత సినిమాల్లో, పొలాల్లో పాడుతూ ఫ్యాక్టరీల్లో పాడుతూ తిరిగే హీరోయిన్లని చూసి మనసు పారేసుకున్నారు. అవి ఆయన పుట్టకముందు తీసిన సినిమాలు. ఆ నటీమణుల మీద తెలుగులో ఒక పుస్తకం రావాలన్నది ఆయన నలభై ఏళ్ల కోరిక.

అమ్మీ పేరు జహీదా. చల్లపల్లి నుంచి వచ్చి బెజవాడలో మేనమామ ఇంట్లో ఉండి టీచర్ ట్రైనింగ్ చదివేటప్పుడు, ఆ స్నేహసంఘమే సాయంత్రాలు నడిపిన రష్యన్ క్లాసుకి మూడేళ్లు వెళ్లింది. అబ్బా కూడా చేరారు. రెండు వారాలు వెళ్లి మానేశారు. ఆ రెండు వారాల్లోనే అమ్మీని చూశారు. అమ్మీ మున్సిపల్ స్కూల్లో లెక్కల టీచరుగా రిటైరైంది. భాషని మాత్రం వదల్లేదు. ఇంటిపని తెమిలాక, కాసేపు కునుకు తీసే వేళకి, కళ్లజోడు పెట్టుకుని ఏదో ఒకటి చదువుకునేది.

నేను వాళ్ల ఒక్కగానొక్క కూతుర్ని, తబస్సుం. సూర్యారావుపేటలో ఒక డీటీపీ సెంటర్లో పుస్తకాలు టైపు చేసి పేజీలు కడతాను. నా పెళ్లి నిలవలేదు. అప్పటికే ఆరేళ్లుగా వాళ్ల దగ్గరే ఉంటున్నాను.

ఆ ఏడు ఫిబ్రవరిలో జాన్‌బాబు గారనే పబ్లిషరు, "జూన్‌కల్లా ఇచ్చెయ్యండి సిరాజ్ గారూ, వేసేద్దాం" అన్నారు. అంతే, మా ఇల్లు పుస్తకమైపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూలరు ఆన్ చేసుకుని ఇద్దరూ ముందుగదిలో కూర్చునేవాళ్లు. నేను నెట్‌లోంచి ప్రింటు తీసి తెచ్చిన రష్యన్ వ్యాసాల్ని అమ్మీ చేతిలో పట్టుకుని, రష్యన్‌లో ఒక వాక్యం లోలోపల చదువుకుని, తెలుగులో పైకి చెప్పేది. తడుముకోవడం ఉండేది కాదు. బియ్యం ఏరుతూ కబుర్లు చెప్పినంత తేలిగ్గా చెప్పుకుంటూ పోయేది. అబ్బా రాసుకునేవారు. మధ్యమధ్య తన వ్యాఖ్య కలుపుకునేవారు. నాకు సెలవైన రోజుల్లో నేనూ ఒక మూల కూర్చుని వినేదాన్ని.

ఓర్లోవా గురించి అలాగే విన్నాను. మూగ సినిమాలు ఆడే రోజుల్లో హాళ్లలో తెర పక్కన కూర్చుని పియానో వాయించి పొట్టపోసుకున్న మనిషి, ఆ తర్వాత ఆ తెర మీదికే ఎక్కి దేశం మొత్తానికి ఆరాధ్య దేవతైపోయిందట. చిన్నప్పుడు చలిలో ఇనప క్యాన్లతో పాలు మోసి చేతులు పాడయ్యాయనీ, అందుకే పెద్దయ్యాక చేతులు జనానికి కనపడనివ్వడం ఇష్టపడేది కాదనీ చెబుతారని అమ్మీ చదివింది. అబ్బా కలం ఆపి, "ఆ చేతులు నేను తెర మీద ఎన్నిసార్లు చూశానో. ఎప్పుడూ అనుమానం రాలేదు" అన్నారు.

"మీరు చేతులు చూశారా ఏంటి" అంది అమ్మీ. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ వేసవిలో ముగ్గురం కలిసి నవ్వింది ఆ ఒక్క రోజే నాకు గుర్తుంది.

ఏప్రిల్ మూడో వారంలో లాదినినా అధ్యాయం దగ్గర పేచీ వచ్చింది. మరీనా లాదినినా సైబీరియాలో పల్లెటూరి పిల్ల. బడిలో పాఠాలు చెప్పి, మాస్కో వెళ్లి నటన నేర్చుకుంది. ఆమె సినిమాలు తీసింది ఎక్కువగా ఆమె భర్తే. ఐదు స్టాలిన్ బహుమతులు వచ్చాయి. పంతొమ్మిది వందల యాభైల్లో భర్తతో విడిపోయింది. ఆ పైన దాదాపు మరో యాభై ఏళ్లు బతికింది గానీ సినిమాల్లో మళ్లీ కనిపించలేదు.

అమ్మీ ఆ చివరి వాక్యాన్ని రష్యన్‌లో పైకి చదివింది. "బోల్షె నే స్నిమాలస్."

"అంటే?" అన్నారు అబ్బా.

"ఆ తర్వాత ఆమెను ఎవరూ తీయలేదు."

"తీయలేదేంటి? సినిమాని తీస్తారు గానీ మనిషిని తీస్తారా?"

"ఫోటో తీయరా? వాళ్లకీ అదే మాటండీ. తీయడమంటే స్నిమాత్. సినిమాలో నటించడాన్ని కూడా ఆ మాటతోనే చెబుతారు, ఎవరో తీస్తేనే కదా అన్నట్టు. నటించలేదని రాసుకున్నా తప్పు కాదు. కానీ పై పేరాలో ఏముందో చూడండి. విడిపోయాక ఏ డైరెక్టరూ ఆమెకి వేషం ఇవ్వలేదని ఉంది. అందుకని తీయలేదంటేనే బాగుంటుంది."

"మరీ అంత చేదుగా ముగించకూడదు జహీదా. పుస్తకం చదివేవాళ్లకి వాళ్ల మీద గౌరవం కలగాలి. ఆమె భర్త మాత్రం తక్కువ డైరెక్టరా? 'ఆ పైన ఆమె నటనారంగం నుంచి స్వచ్ఛందంగా విరమించుకున్నారు' అని రాస్తాను. హుందాగా ఉంటుంది."

"ఆవిడ విరమించుకోలేదండీ."

"నీకెలా తెలుసు?"

అమ్మీ కాయితం చూపించింది. "ఇక్కడ రాసుందిగా."

ఆ రోజు అబ్బా, "సరే, నువ్వు చెప్పిందే రాస్తున్నా" అని రాసుకున్నారు. అమ్మీ ముందుకి వంగి, ఆయన రాసిన వాక్యాన్ని చదివి చూసుకుంది. అంతవరకు ఆమె అలా సరిచూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

మే రెండో వారంలో అబ్బా నా సెంటరుకి వచ్చారు. నేను అప్పటికి పుస్తకమంతా టైపు చేసి పేజీలు కట్టేశాను. ఎండన పడి వచ్చారేమో, మొహం కందిపోయి ఉంది. కుర్చీ వేశాను. మంచినీళ్లు తాగి, జేబులోంచి చీటీ తీశారు.

"రెండు మార్పులున్నాయమ్మా. నూట నలభై రెండో పేజీలో ఆఖరి వాక్యం. ఇదిగో, ఇలా మార్చు."

చీటీ మీద 'స్వచ్ఛందంగా విరమించుకున్నారు' అని ఉంది.

"రెండోది లోపలి టైటిల్ పేజీ. 'రష్యన్ మూలాల అనువాదం: జహీదా' అని వేశావు కదా, అది తీసెయ్. అనువాదం అన్న మాట కనపడితే పుస్తకం మొత్తం అనువాదమనుకుంటారట. రచన అంటేనే లైబ్రరీలకి వెళ్తుందని జాన్‌బాబు గారన్నారు. ముందుమాటలో రాశాగా, నా శ్రీమతి ఓర్పు లేకపోతే ఈ పుస్తకం లేదని."

"అమ్మీకి చెప్పారా?"

"చెప్తాలే. తనకి ఇలాంటివి పట్టవు."

ఆయన చెప్పరని నాకు తెలుసు. నలభై ఏళ్ల వయసుకి దగ్గరపడిన ఆడదాన్ని, ఆయన మాట మీద బతికే చిన్నపిల్లని కాను. కాదనొచ్చు. సాయంత్రం ఇంటికెళ్లి అమ్మీకి ఒక మాట చెవిన వేయొచ్చు. ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే ఆ వాక్యాన్ని సెలక్ట్ చేసి, చీటీలో ఉన్నది టైపు చేశాను. టైటిల్ పేజీలో లైను తీసేస్తే కింద ఖాళీ వచ్చింది. అబ్బా పేరు అక్షరాల సైజుని నాలుగు పాయింట్లు పెంచి సరిచేశాను.

"బాగుంది" అన్నారు అబ్బా, స్క్రీన్ మీదికి వంగి చూసి.

జూన్ మొదటి వారంలో పుస్తకం వచ్చింది. జాన్‌బాబు గారు పంపిన మొదటి కాపీని అబ్బా రెండు చేతులతో పట్టుకొచ్చి అమ్మీ ఒళ్లో పెట్టారు. అట్ట మీద నవ్వుతున్న ఓర్లోవా. అమ్మీ చీర కొంగుతో చేతులు తుడుచుకుని పుస్తకం తెరిచింది. టైటిల్ పేజీ చూసింది. ఆ తర్వాత ఎక్కడా ఆగకుండా తిప్పుకుంటూ పోయి నూట నలభై రెండో పేజీ దగ్గర ఆగింది. చదివింది. అబ్బా ఏదో ఫోన్ వచ్చిందని బాల్కనీలోకి వెళ్లారు.

"టైపు నువ్వే చేశావా?" అని అడిగింది నన్ను.

"ఆ."

"తప్పుల్లేకుండా చేశావు" అని పుస్తకం మూసి, స్టవ్ మీద పాలు చూడ్డానికి లేచి వెళ్లింది.

ఆవిష్కరణ సభ ఆ నెల మూడో ఆదివారం. ఆ పొద్దున పెద్ద వాన పడి, గవర్నరుపేటలో రోడ్లన్నీ నీళ్లు. అయినా హాలు నిండింది. అబ్బా పాత స్నేహితులు, సినిమా క్లబ్బు వాళ్లు, కాలేజీ పిల్లలు కొందరు. అమ్మీ మొదటి వరసలో కూర్చుంది, నేను పక్కన. అబ్బా అరగంట మాట్లాడారు. ఆయన మాట్లాడితే ఎవరూ ఫోన్లు చూసుకోరు. ఆ నటీమణుల్ని అందరికీ దూరపు చుట్టాల్లా పరిచయం చేశారు. చప్పట్లు మోగాయి.

ప్రశ్నలడగమంటే వెనకనుంచి ఒకావిడ లేచింది. ముప్పై ఐదేళ్లుంటాయి. పేరు కీర్తన అనీ, హైదరాబాద్‌లో రష్యన్ బోధిస్తాననీ, పుస్తకం రాత్రికి రాత్రే చదివాననీ చెప్పింది.

"చాలా బాగుంది సర్. వాక్యం ఎక్కడా అనువాదంలా లేదు. ఇది నేను పిల్లలకి పాఠంగా చెబుతాను. ఒక్క చిన్న సందేహం. నూట నలభై రెండో పేజీలో లాదినినా స్వచ్ఛందంగా విరమించుకుందని రాశారు. మీరు వెనక ఇచ్చిన ఆధారాల్లో ఆ వ్యాసం నేనూ చదివాను. అందులో స్నిమాలస్ అని ఉంది. అది మీరు ఇలా ఎందుకు చేశారా అని. తప్పని కాదండీ, తెలుసుకుందామని."

అబ్బా మైకు పట్టుకుని నవ్వారు. "మంచి ప్రశ్న" అన్నారు. పుస్తకం తెరిచారు, మూశారు. కళ్లజోడు సర్దుకుంటూ, అలవాటుగా, ఇంట్లో ముందుగదిలో అడిగినట్టే అడిగేశారు.

"జహీదా, ఆ మాటేంటి?"

హాల్లో అందరూ మా వైపు చూశారు. అమ్మీ లేచి నిలబడింది. చున్నీ సర్దుకోవడం అలవాటున్న నా చెయ్యి ఊరికే నా భుజం మీదికి పోయింది. అమ్మీ వెనక్కి తిరిగి ఆ అమ్మాయికేసి చూసి, చాలా మర్యాదగా చెప్పింది.

"నాకు రష్యన్ రాదండీ. ఆయన రాసిందే నేనూ చదివాను."

కూర్చుంది. ఎవరో ముసలాయన చిన్నగా నవ్వారు. అబ్బా, "అంటే, భావానువాదం అనుకోండమ్మా" అన్నారు. ఆ అమ్మాయి థాంక్స్ చెప్పి కూర్చుంది. జాన్‌బాబు గారు వందన సమర్పణ మొదలుపెట్టారు. అంతటితో సభ అయిపోయింది. ఏదో జరిగిందని అక్కడ ఎవరికీ తెలియదు, మా ముగ్గురికి తప్ప. నాలుగో మనిషి ఆ కీర్తన.

టీలు ఇస్తున్నచోట ఆమె అమ్మీ దగ్గరికొచ్చింది. పక్కన నేను తప్ప ఎవరూ లేకుండా చూసి, గొంతు తగ్గించి రష్యన్‌లో ఏదో అడిగింది. నాలుగైదు మాటలు. చివర ప్రశ్నలా ఉంది. అమ్మీ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. నాకు తెలిసి, నలభై ఏళ్ల కిందట ఆ క్లాసు మూతపడ్డాక, ఆమెతో ఆ భాషలో మాట్లాడిన మొదటి మనిషి ఆ అమ్మాయి. అమ్మీ పెదవులు కదిలాయి.

"టీ తీసుకోండమ్మా, చల్లారిపోతుంది" అంది తెలుగులో.

ఆటోలో అబ్బా ముందు డ్రైవరు పక్కన కూర్చున్నారు. ఇంటికొచ్చి దండలు బల్లమీద పెట్టాక అడిగారు. "ఎందుకలా అన్నావు?"

"పుస్తకంలో అలాగే ఉందిగా" అంది అమ్మీ.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నాలు కూలరు ముందు అబ్బా ఒక్కరే కూర్చున్నారు. అమ్మీ వంట చేసేది, వడ్డించేది, అడిగినదానికి జవాబు చెప్పేది. చదవడం మానేసింది. పుస్తకాలు ఎక్కడికీ విసిరేయలేదు, ఎవరికీ ఇచ్చెయ్యలేదు. అలమరలో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఆ వైపు వెళ్లడమే లేదు. మధ్యాహ్నం టీవీలో ఏదో సీరియల్ పెట్టుకునేది. కళ్లజోడు లేకుండా చూసేది.

ఆగస్టులో జాన్‌బాబు గారు రెండో ముద్రణ వేస్తామన్నారు. కాలవలకి నీళ్లొచ్చి, ఊళ్లవైపు నాట్లు ముమ్మరంగా సాగుతున్న రోజులు. ఒక ఉదయం నేను పనికి బయల్దేరుతుంటే అబ్బా గుమ్మం దగ్గరికొచ్చి, వెనక్కి ఒకసారి చూసుకుని, "లోపలి పేజీలో అమ్మీ పేరు పెట్టెయ్. అనువాదం అనే పెట్టు" అన్నారు.

"ఆ వాక్యం?"

"అది వదిలెయ్. ఇప్పుడు మారిస్తే ఆ రోజు సభలో నేను తెలియక మాట్లాడానని ఒప్పుకున్నట్టే అవుతుంది."

ఆ వాక్యం మార్చడానికి నాకు అర నిమిషం పట్టదు. ఆయన మళ్లీ చూసేవారు కూడా కాదు. పేరు పెట్టాను, వాక్యాన్ని వదిలేశాను. అమ్మీ సంతోషిస్తుందనే అనుకున్నాను. ప్రూఫు కాయితాలు సాయంత్రం తెచ్చి ఆమె ముందు పెట్టాను. అబ్బా ఎదురుగా పేపరు చదువుతున్నట్టు కూర్చున్నారు.

అమ్మీ తన పేరు చూసుకుంది. నూట నలభై రెండో పేజీ చూసింది. నా సంచీలోంచి ఎర్ర పెన్ను తీసుకుని, స్కూల్లో పిల్లల లెక్క కొట్టేసినట్టు ఒక్క అడ్డగీతతో తన పేరు కొట్టేసింది.

"నా అనువాదంలో ఆ వాక్యం అలా లేదు" అంది. "నేను చేయనిదానికి నా పేరెందుకు?"

అబ్బా పేపరు దించారు. "ఒక్క వాక్యానికి ఇంత రాద్ధాంతమా జహీదా?"

అమ్మీ నా వైపు తిరిగింది. నాతో మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు నాకు మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. రష్యన్ పుస్తకాల్ని తెలుగు చేసే పని. మా క్లాసు మాస్టారు నా పేరు పంపారట. పరీక్ష రాయడానికి రమ్మన్నారు. నేను బడికెళ్లే హడావుడిలో ఉంటే మీ అబ్బా జవాబు రాసి కవరు అంటించి ఇచ్చారు. వస్తానని రాశారనుకుని దారిలో పోస్టు డబ్బాలో నేనే వేశాను. నెల తర్వాత వాళ్లు మళ్లీ రాశారు. మీకు ఇష్టం లేదని తెలిసి విచారిస్తున్నామని."

"అప్పటి పరిస్థితి నీకు తెలుసు" అన్నారు అబ్బా. "నెలలు నిండుతున్నాయి. మద్రాసు ఎలా వెళ్తావు?"

"అడిగుంటే నేనూ అదే అనేదాన్నేమో" అంది అమ్మీ, ఆయనకేసి మొదటిసారి చూసి. "అడగలేదుగా."

పెన్నుకి మూత పెట్టి నాకిచ్చింది. పుస్తకం రెండో ముద్రణ మొదటిదానిలాగే వచ్చింది. పేరు లేదు, వాక్యం ఉంది.

సెప్టెంబరులో చల్లపల్లిలో మా అర్ఫా ఖాలాకి మోకాలు ఆపరేషన్ అయింది. అమ్మీ చెల్లెలికి సాయంగా పది రోజులుండి వస్తానని చిన్న సంచీతో వెళ్లింది. పది రోజులు నెలయ్యాయి, నెల రెండయ్యాయి. ఖాలా నడుస్తోంది, మార్కెట్‌కి కూడా వెళ్తోంది. అమ్మీ రాలేదు. ఫోన్ చేస్తే నాతో బాగానే మాట్లాడేది. అబ్బాకి ఇవ్వనా అంటే, స్టవ్ మీద ఏదో ఉందనేది.

నవంబరులో ఒక ఆదివారం అబ్బా, "నువ్వొకసారి వెళ్లి తీసుకురా అమ్మా" అన్నారు. చల్లపల్లి వెళ్లాను. అమ్మీ వరండాలో పీట మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. నేనూ కూర్చుని ఒక కట్ట అందుకున్నాను. అబ్బా తింటున్నారా, బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగింది. చెప్పాను. చాలాసేపటికి నాకు ధైర్యం వచ్చింది.

"అమ్మీ, వేసవిలో ఆ చీటీ తెచ్చినప్పుడే నీకు చెప్పాల్సింది."

"ఊఁ."

"నువ్వు నన్ను ఒక్క మాట కూడా అనలేదు."

"మీ అబ్బా సంగతి నాకు ముందే తెలుసు తబస్సుం. నీ సంగతే తెలియలేదు" అంది. ఆకు వలవడం ఆపలేదు.

ఇంటికి రమ్మని అడగడానికి ఇక నోరు రాలేదు. అడక్కుండానే ఆమె చెప్పింది.

"రానని చెప్పు. ఒంట్లో బాగాలేదనో, ఖాలాకి ఇంకా తగ్గలేదనో నువ్వు సర్దిచెప్పొద్దు. రానందని చెప్పు. అంతే. ఐదింటి బస్సు పోతే మళ్లీ నీకు ఇబ్బంది, బయల్దేరు."

బస్సులో కంకిపాడు దాటేదాకా అబ్బాకి ఎలా చెప్పాలా అనే ఆలోచించాను. నాకు తెలియకుండానే మాటలు మెత్తబరుస్తున్నాను. కొన్నాళ్లు ఆగి వస్తుందట, చలికాలం పోయాక చూద్దామంది, ఇలాగ. ఇంటికి చేరేసరికి అబ్బా ముందుగదిలో దీపం వేసుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్లో అమ్మీ పాత రష్యన్ పత్రిక ఒకటి తెరిచి ఉంది.

"ఏమంది? ఒంట్లో బాగాలేదా?" అన్నారు.

"బాగానే ఉంది. రానంది."

ఇంకేమైనా చెబుతానేమోనని ఆయన కాసేపు చూశారు. నేను చెప్పులు విప్పి లోపలికెళ్లాను. వెనక కాయితం చప్పుడైతే తిరిగి చూశాను. ఆయన పేజీలు తిప్పుతున్నారు. అక్షరాలున్న పేజీలు ఆగకుండా తిప్పేసి, బొమ్మ ఉన్న పేజీ దగ్గర ఆగుతున్నారు.